అక్క గదికి సీలింగు

మా మేడ మీది రేకుల గదికి జిప్సం బోర్డు సీలింగు వేయడానికి కారణాలు మూడు. ఒకటి, ఎండ. మధ్యాహ్నం ఆ సిమెంటు రేకుల కింద నిలబడితే మాడు కాలుతుంది. రెండు, వాసన. ఏళ్ల తరబడి అందులో విత్తనపు అల్లం బస్తాలు పెట్టాం. ఖాళీ చేసి కడిగినా ఆ ఘాటు పోలేదు. మూడోది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు: అక్క భర్తను వదిలి వచ్చేసింది, ఇక పోనంటోంది.

అతను చెయ్యి చేసుకునేవాడు. అంతకుముందు వచ్చినప్పుడల్లా పెద్దలు కూర్చుని మాట్లాడి, చీర పెట్టి, మళ్లీ దిగబెట్టి వచ్చారు. ఈసారి రాయికోడ్ దిక్కున్న అత్తగారి ఊరి నుంచి షేర్ ఆటోలో ఒక్కతే వచ్చింది. హాల్లో టీవీ పక్కన చాప మీద పడుకునేది. హాల్లో పడుకునే మనిషిని చుట్టాలు వెళ్లిపోయే మనిషిగానే చూస్తారు. "ఎప్పుడు పోతున్నవ్ బిడ్డా?" అని అడగడం మర్యాద అనుకుంటారు. ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగకూడదని నాకు పట్టుదల. అందుకు గది కావాలి. సామాన్ల మధ్య సర్దుకునే గది కాదు. సీలింగు, రంగు, ఫ్యాను ఉన్న గది.

అమ్మ చీపురు తీసుకుని గది ఊడ్చింది. నాయిన మాత్రం, "మీ పెద్దనాయిన ఏమంటడో" అన్నాడు. ఏమన్నా సరే అని నేను బోర్డులు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాను.

చేయాల్సిన పని నాకు వరుసగా తెలుసు. గోడల చుట్టూ మట్టం చూసి గీత కొట్టాలి. గీత వెంట రేకు చానెళ్లు బిగించాలి. రేకులను మోసే ఇనుప గొట్టాల నుంచి అడ్డ చానెళ్లు వేలాడదీయాలి. వాటికి బోర్డులు ఎత్తి స్క్రూలు కొట్టాలి. చివర అతుకుల మీద టేపు అంటించి లప్పం పూయాలి; కలిపాక ఆలస్యం చేస్తే అది గడ్డకట్టి పనికి రాదు. ఫ్యాక్టరీలో నా ఉద్యోగమే కొలతలు సరిచూడటం. అక్కడ మూల నుంచి మూలకు కొలవకుండా ఏ ముక్కనూ వదలను. ఇంట్లో మాత్రం రెండు గోడలు కొలిచి, మిగతా రెండూ అంతే ఉంటాయనుకున్నాను. సొంత ఇంటి గోడలను అనుమానించాలని తోచలేదు.

అక్క డ్రిల్లు పట్టడం తొందరగా నేర్చుకుంది. చివరి బోర్డు దాకా ఏ ఇబ్బందీ రాలేదు. దాన్ని ఇద్దరం తలల మీద తువ్వాళ్లు వేసుకుని ఎత్తాం. ఒక కొస గోడకు తాకింది. రెండో కొసన, ఈశాన్యం మూల, జానెడు సందు. బోర్డును దించలేక, వదల్లేక నిలబడి ఉండగా గుమ్మంలోకి పెద్దనాయిన వచ్చాడు.

"ఏం జేస్తున్నర్రా గీడ?"

"పెద్దనాయినా, జర ఆ కొస పట్టుకోండ్రి, పడుతది!" అంది అక్క.

ఆయన చేతిసంచి కింద పెట్టి, బల్లెక్కి, రెండు చేతులూ పైకెత్తాడు. అక్క డ్రిల్లు అందుకుంది. ఆయన నోటికి మాత్రం పని ఆగలేదు.

"రేకులింటికి సీలింగేందిరా? బంగ్లానా ఇది?"

"బంగ్లా కాదు, అక్క రూము," అన్నాను.

"నాలుగు దినాలు ఉండే పిల్లకు రూమెందుకు? ఐతారం నాడు వాళ్లోళ్లను రమ్మన్న. కూసోని మాట్లాడుతం, మర్యాదగ తోలిస్తం."

"నేను పోను," అంది అక్క.

"గట్లంటె ఎట్ల? నలుగురు ఏమనుకుంటరు?"

"ఆ నలుగురు నా వీపు చూసిన్రా?"

పెద్దనాయిన ముఖం మీద తెల్ల పొడి రాలుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. "ముందు స్క్రూ కొట్టు తల్లీ, రెక్కలు గుంజుతున్నయ్."

"నేను పోనని వాళ్లకు చెప్తరా?"

"బెదిరిస్తున్నవా నన్ను?"

"ఔ."

"చెప్ప. నాతోని కాదు."

అక్క ఒక్క క్షణం ఆయన వంక చూసి, టర్రుమని స్క్రూ దించింది. "సరె. నేనే చెప్త."

చేతులు దించగానే ఆయన కళ్లు ఆ సందు మీద పడ్డాయి. "గీ మూల పెంచినం గదరా! అన్ని దిక్కుల కొలవాలె గద, ఇంజనీర్ సాబ్?"

గది కట్టేటప్పుడు వాస్తు ఆయన్ను తీసుకొచ్చి, ఈశాన్యం పెరగాలని ఉత్తరపు గోడ కొసను బయటికి జరిపించింది పెద్దనాయినే.

"మీ వాస్తే పెద్దనాయినా," అన్నాను. "గా మూల పెంచితె ఇంటి ఆడపిల్ల సుఖపడుతదని అప్పుడు మీరే అన్నరు గద?"

ఆయన సంచి తీసుకుని మెట్లు దిగిపోయాడు. అలా అన్నందుకు నాకు ఇప్పటికీ చింత లేదు. ఆ సందుకు మూడు మూలల ముక్క కోసి బిగించాను.

ఆదివారం బావ తరఫు వాళ్లు కారులో వచ్చారు. వాకిట్లో కుర్చీలు వేశారు. పెద్దనాయిన కింది నుంచి పిలిచాడు. అక్క అప్పుడే లప్పం కలిపి, అతుకుల మీద పూస్తోంది. నేను కిందికి వెళ్లి చెప్పాను: "అక్క పనిల ఉన్నది. మాట్లాడాలంటె పైకి రమ్మంటున్నది."

"పిల్ల పిలుస్తె మేం పోవాల్నా?" అన్నాడు అటు నుంచి వచ్చిన పెద్దమనిషి.

అన్నాళ్లూ నోరు విప్పని అమ్మ చాయ్ పళ్లెం ఆయన ముందు పెట్టింది. "మెట్లు గాడున్నయ్ అన్నా. పెద్దగ ఎత్తు లేవు."

ఎవరూ లేవలేదు. కాసేపటికి అక్కే మెట్ల పైకొసకు వచ్చింది. చేతిలో లప్పం రేకు, జుట్టంతా తెలుపు. "నేను ఆ ఇంటికి రాను. ఇది మా నాయిన చెప్పిస్తలేడు, తమ్ముడు చెప్పిస్తలేడు. నేనే చెప్తున్న. చాయ్ తాగి పోండ్రి," అంది.

జవాబు కోసం ఆగలేదు. నేను వెనకే పైకి వెళ్లేసరికి స్టూలెక్కి ఉంది.

"లప్పం గడ్డకట్టిందా తమ్మీ?"

తట్టలోని లప్పాన్ని వేలితో నొక్కి చూశాను. ఇంకా మెత్తగానే ఉంది.