సగం కాగితం

ఆ కవ్వం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

2005 ప్రాంతంలో గల్ఫ్‌లో, అబూధాబి దగ్గరి అల్ ఐన్‌లో, అమెరికన్ సిలబస్ ఉన్న స్కూల్లో ఐదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. అమెరికాలో ఇంగ్లీషువాళ్ళ కాలనీల పాఠం అయ్యాక, తల్లిదండ్రులకు చూపించడానికి కాలనీ డే పెట్టమన్నారు. కొవ్వొత్తులు పొయ్యాలి, రొట్టె కాల్చాలి, వెన్న తియ్యాలి. వెన్న ఎలా వస్తుందో మా పిల్లల్లో ఒక్కరికీ తెలీదు. ఇంట్లో కవ్వం పట్టుకొచ్చి స్కూలు ఆయా చేతిలో పెట్టాను. ఆమె ముసుగు మీదే ఆ కాలనీల కాలపు కుచ్చుల టోపీ కూడా తగిలించాను.

ఆమెది రాయచోటి దగ్గర పల్లె. రెండేళ్ళకి రావలసిన సెలవు మూడో ఏడు సగమైనా రాలేదు. కూతురికి తొలి కాన్పు దగ్గరపడింది. పాస్‌పోర్టేమో ముదీర్ బీరువాలో ఉంది. మా మేనేజర్ని అందరూ ముదీర్ అనే పిలిచేవాళ్ళు. ఎప్పుడడిగినా వచ్చే నెల అనేవాడు. మీరైనా ఓ మాట చెప్పండని ఆమె వారం నుంచీ నన్ను బతిమాలుతోంది. కాలనీ డే నాడు హుషారుగా ఉంటాడు, అప్పుడు అడుగుతానని మాటిచ్చాను.

ఆ రోజు పిల్లలు ఓ మూల కూర్చుని కాగితాలు కోస్తున్నారు. అవేంటని ఆయా అడిగింది. ఆ రోజుల్లో అమెరికాకి ఓడ ఖర్చు యజమాని పెట్టుకుంటే నౌకరు కొన్నేళ్ళు చాకిరీ చెయ్యాలి, ఆ ఒప్పందాన్ని ఒకే కాగితం మీద రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్ళలా కోసి, చెరో సగం ఉంచుకునేవాళ్ళని చెప్పాను. ఆమె కవ్వం ఆపింది.

“ఆ సగం పనోళ్ళ కాడే ఉండేదా టీచరమ్మా?”

ఉండేదన్నాను.

“నా కాడ ఏమీ లేదే.”

ఇంతలో ముదీర్ వచ్చాడు. వెన్న రుచి చూసి మెచ్చుకున్నాడు. మనుషుల్ని ఇలా కట్టేసుకునే రోజులు పోయాయి, మన పిల్లలు అదృష్టవంతులని తల్లిదండ్రులకు ఉపన్యాసం దంచాడు. సిగ్గులేని మనిషి, బీరువా తాళంచెవి జేబులో పెట్టుకుని ఆ మాటన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా పాస్‌పోర్టూ ఆ బీరువాలోనే ఉంది. ఆయా నా వంకే చూస్తోంది. అయినా ఆమె సెలవు సంగతి నేను అడగలేదు.

మనవడు పుట్టిన రోజున ఆమె ఎవరి పిల్లలనో స్కూలు బస్సులోంచి దించుతోంది. ఆ మధ్యాహ్నం నా దగ్గరకొచ్చి, కోటు జేబులోంచి ఓ కాగితం తీసింది. పిల్లలు కోసిన సగం. కాలనీ డే నాడే తీసి దాచుకుందట. ఏం రాసుందో చదవమంది. గడువు తీరగానే ఈ పనిమనిషిని పంపించేస్తానని ఉంది. అదే చెప్పాను.

“కింద సంతకం ఎవురిది?”

పిల్లల నోటుపుస్తకాలు దిద్దే అలవాటు కదా, ఆ కాగితాల మీద యజమాని అని ఉన్న ప్రతిచోటా చకచకా సంతకం పెట్టింది నేనే.