తెల్లబడిన పదిహేడో నంబరు

2024 వానాకాలం. మా పాపకు ఆరో నెల నిండిన వారంలోనే సూరత్‌లో మా కాలేజీ పరిశోధనశాలకు తిరిగి వెళ్ళాను. మావారు ఊరి పక్కనే హజీరాలోని ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయన ఉద్యోగం వల్ల ఈ ఊరొచ్చి, ఇక్కడే కెమిస్ట్రీలో పిహెచ్‌డీకి చేరాను. "మందులు కనిపెట్టేవాళ్ళు రోజూ ఏం చేస్తారు?" అని మా చుట్టాలూ స్నేహితులూ అడుగుతుంటారు. జవాబు ఒక్క ముక్కలో చెప్పలేక ఎప్పుడూ నవ్వేసి ఊరుకునేదాన్ని. ఈ ఒక్క సంగతి చెబితే కొంతైనా తెలుస్తుందనిపించి రాస్తున్నాను.

మేం చేసేదాన్ని మల్టీకాంపొనెంట్ సింథసిస్ అంటారు. మామూలుగా కొత్త అణువు కావాలంటే ఒక్కో మెట్టూ కడుతూ, మెట్టుమెట్టుకూ శుభ్రం చేసుకుంటూ పోవాలి. మా పద్ధతిలో మూడు నాలుగు ముడిపదార్థాల్ని ఒకే ఫ్లాస్కులో వేసి వేడిచేస్తాం. అవే తమలో తాము జతకట్టి ఒక అణువుగా కుదురుకుంటాయి. వాటిలో ఒకదాన్ని మారిస్తే ఇంకో అణువు వస్తుంది. వీటికి పేర్లు పెట్టం, నంబర్లు వేస్తాం. వేరే ఊళ్ళో ఉన్న పరీక్షాకేంద్రానికి పంపితే, అక్కడ క్షయ బ్యాక్టీరియా మీద వేసి చూస్తారు. చాలావాటికి "పనిచేయలేదు" అన్నదే జవాబు.

నా పదిహేడో నంబరుకు మాత్రం "పనిచేసింది" అని వచ్చింది.

దాన్ని తయారుచేసినప్పుడు నాకు నాలుగో నెల. సాల్వెంట్ వాసన తగిలితే చాలు, నాకు తిప్పడం కన్నా లోపల బిడ్డకేమవుతుందోనన్న భయం ఎక్కువ. ఫ్లాస్కు అడుగున దిగిన పొడిని గబగబా వడగట్టి, చల్లటి ఆల్కహాల్‌తో ఒక్కసారి కడిగి, ఆరబెట్టి పంపేసి సెలవు పెట్టాను. రిపోర్టు సంగతి మా గైడ్ మేఘాబెన్ ఫోన్లో చెప్పినప్పుడు నేను బాలింతను. పాపను ఒళ్ళో పెట్టుకునే ఏడ్చాను.

తిరిగొచ్చాక నా పని ఒక్కటే, అదే పదిహేడును ఎక్కువ మొత్తంలో మళ్ళీ చేసి పంపడం. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ "పనిచేయలేదు" అనే వచ్చింది.

మూడో రిపోర్టు వచ్చిన రోజు మేఘాబెన్ నన్ను తన గదికి పిలిచారు. ఆవిడ గుజరాతీ, నాతో హిందీలో మాట్లాడతారు. "బేటా, మొదటిసారి ఏం పంపావో సరిగ్గా గుర్తుందా?" అని అడిగారు. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "మొదటి ఫలితం మీద నమ్మకం లేదని సోమవారం పరీక్షాకేంద్రానికి రాసేస్తాను. థీసిస్‌లో ఆ అధ్యాయం తీసేద్దాం."

ఆ అధ్యాయమే నా థీసిస్‌కు వెన్నెముక. అది పోయినా మరో రెండేళ్ళు కష్టపడి ఇంకొకటి రాసుకోవచ్చు. కానీ నేను ఏదో తప్పుడు సీసా పంపానన్న అనుమానం జీవితాంతం నాతోనే ఉండిపోతుంది. లేదు, అలా చేయలేదని చెప్పడానికి నా దగ్గర ఒక్క రవ్వ పాత పొడి కూడా మిగల్లేదు.

బల్ల దగ్గరకొచ్చి తెల్లపొడి ఉన్న సీసాను చూస్తూ కూర్చున్నాను. మా ల్యాబ్ అటెండెంట్ శంకర్ కాకా బల్ల తుడుస్తూ వచ్చాడు. వాళ్ళ నాన్న మగ్గాల పనికి కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి, ఇక్కడి లింబాయత్‌లో స్థిరపడ్డాడట. కాకా మాత్రం ఊళ్ళోనే ఖటోదరాలో, బట్టలకు రంగులద్దే డైయింగ్ యూనిట్లో ముప్పై ఏళ్ళు రంగులు కలిపాడు. అది మూతపడ్డాక మా దగ్గర గాజుసామాను కడిగే పనిలో చేరాడు. నాది కాకినాడ అని తెలిసిన రోజు నుంచీ నాతో తెలుగే. నేను పాప దగ్గరకు వెళ్ళేముందు మోచేతుల దాకా మూడేసిసార్లు సబ్బు రుద్దుకుంటుంటే, "జర ఆపు బిడ్డా, చేతులు అరిగిపోతయి. రేపు పోరి అమ్మ చెయ్యేదని అడుగుతది" అని ఏడిపించేవాడు.

"ఏంది, ముఖం గట్ల పెట్టినవ్?" అన్నాడు.

"పదిహేడు పోయింది కాకా."

"అయ్యో, గదెట్ల పోయింది? మా గల్లీల నలుగురు టీబీ మందులు మింగుతున్నరు. నీ పదిహేడు వస్తదని నేనే అందరికీ చెప్పుకుంట తిరుగుతున్న." సీసా వైపు చూశాడు. "గిదేంది మరి?"

"అదే, పదిహేడు."

"గిది పదిహేడా? గింత తెల్లగెప్పుడున్నది? నీ వడపోత కాగితం పారేసింది నేనే గద. నిమ్మతొక్క రంగు."

నోట్‌బుక్ తీసి పాత పేజీ చూపించాను. "ఇక్కడ ఆఫ్-వైట్ సాలిడ్ అని ఉంది కాకా. అంటే తెలుపే."

"ఎవరు రాసిన్రు?"

"నేనే."

"సూసి రాసినవా, రాసి సూసినవా?"

వెనక్కి పేజీలు తిప్పాను. ఒకటి నుంచి పదిహేడు వరకూ అన్నీ ఆఫ్-వైట్ సాలిడ్‌లే. మా రంగంలో ఇదొక అలవాటు. పైనున్న నంబరు వివరాలు కిందికి దించి, అంకెలు మాత్రం మారుస్తాం. రంగు గురించి ఎవరూ అడగరు, ఎవరూ చూడరు.

"ముప్పై ఏండ్లు చేసిన పని బిడ్డా. సేటు గింత గుడ్డముక్క చూపిచ్చి గిదే షేడ్ గావాలె అనేటోడు. చుక్క తేడా వస్తే మాల్ మొత్తం వాపస్. నా కన్ను మోసం చెయ్యది."

అది తెల్లగా ఎలా మారిందో అప్పుడు నాకు తట్టింది. తెలుపంటే శుద్ధి అని మా నమ్మకం. పచ్చపచ్చగా కనిపిస్తే మలినం ఉందనుకుంటాం. మొదటిసారి హడావిడిలో శుభ్రం చేయకుండా పంపాను కదా, ఈసారి పనితనం చూపించాలనుకున్నాను. సెలవు నుంచి వచ్చిన తల్లి పని మరచిపోయిందని ఎవరూ అనకూడదు. అందుకని పొడిని వేడి ఎసిటిక్ ఆసిడ్‌లో కరిగించి, రంగు పీల్చేసే యాక్టివేటెడ్ చార్‌కోల్, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గుపొడి, వేసి గంటలకొద్దీ మరిగించి వడగట్టాను. మల్లెపూవులా తేలింది. మురిసిపోయి ఫోటో తీసి మావారికి పంపాను కూడా. కరిగే ఉష్ణోగ్రత కొంచెం పెరిగితే, శుద్ధి పెరిగిందనుకున్నాను. టీఎల్‌సీ అని ఒక చిన్న పలక మీద చుక్క పెట్టి చూసే పరీక్ష ఉంది. అందులో ఒకే చుక్క వచ్చింది, ఒకే పదార్థం ఉందని సరిపెట్టుకున్నాను. అణువులో హైడ్రోజన్లు ఎక్కడెక్కడున్నాయో చూపించే ఎన్‌ఎంఆర్ మాత్రం చేయించలేదు. మొదటిసారి చేయించాం కదా, మళ్ళీ వరుసలో నిలబడడమెందుకని.

మేఘాబెన్ దగ్గరకు వెళ్ళి ఉత్తరం రెండు రోజులు ఆపమని బతిమాలి, తెల్లపొడిని ఎన్‌ఎంఆర్‌కు పెట్టాను. కాగితం మీద రెండు హైడ్రోజన్లు లేవు. పాత ఫైల్లోని మొదటి కాగితంలో రెండూ ఉన్నాయి. వేడి, గాలి, బొగ్గు మూడూ కలిసి ఆ రెండింటినీ ఊడగొట్టాయి. పసుపు రంగూ వాటితోనే పోయింది. మూడుసార్లూ నేను పంపింది పదిహేడు కాదు, దాని కళేబరం.

మేఘాబెన్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒక్కో గీతనూ వేలితో పోల్చి చూశారు. తర్వాత పకపకా నవ్వారు. "మందును ఉతికి ఉతికి చంపేశాం బేటా. నా థీసిస్ తీసి చూడకు, అందులోనూ అన్నీ ఆఫ్-వైట్‌లే."

శనివారం మళ్ళీ మొదలుపెట్టాను. పొడి దిగి, ఇక వడగట్టాలనుకునేసరికి పాపను చూసుకునే పక్కింటావిడ ఫోన్ చేసింది, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందని. వడగట్టకుండా వదిలేస్తే మళ్ళీ ఏమైపోతుందో, వెళ్ళకపోతే పాపకేమవుతుందో. పక్కనే ఉన్న మేఘాబెన్ నా చేతిలోని గరాటు తీసుకుని ఏప్రాన్ కట్టుకున్నారు. "వెళ్ళు. వడగట్టడం నేనింకా మరచిపోలేదు."

ఇంటికెళ్ళి పాపకు జ్వరం మందు వేసి, భుజాన వేసుకుని నడుస్తూ ఫోన్ చేశాను.

"కాకా, ఏ రంగు?"

"ముందు పోరికెట్లున్నదో చెప్పు."

"తగ్గుతోంది. రంగు చెప్పు కాకా!"

"నిమ్మతొక్క. బొగ్గు డబ్బా అల్మారాల పెట్టి తాళమేసిన. తాళంచెవి నా జేబుల ఉన్నది. మేడం అడిగినా ఇయ్య."

నాలుగు వారాల తర్వాత జవాబొచ్చింది. పనిచేసింది, మొదటిసారి ఎంతో ఇప్పుడూ అంతే. పరీక్షాకేంద్రానికి మేఘాబెన్ వేరే ఉత్తరం రాశారు. మూడు బ్యాచ్‌ల పొరపాటు మాదేనని, రంగు సంగతి పసిగట్టింది ఫలానా శంకర్‌భాయ్ అని అందులో పేరు పెట్టి రాశారు.

ఇక్కడితో కథ సుఖాంతమని చెప్పలేను. కాలేయపు ఎంజైములతో చేసిన పరీక్షలో, పదిహేడు కాసేపటికే ఆ రెండు హైడ్రోజన్లనూ పోగొట్టుకుంది. ఫ్లాస్కులో బొగ్గు చేసిన పనే మనిషి శరీరమూ చేస్తుంది. కాబట్టి అది మందు కాలేదు. ఆ మాట కాకాకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"అంటే కడుపులకు పోతే తెల్లబడతదా?"

"అవును కాకా."

"మరి తెల్లబడనిది చెయ్యి. ఏడుస్తవెందుకు?"

ఇప్పుడు చేస్తున్నది అదే. ఆ రెండు హైడ్రోజన్లు ఊడిపోకుండా పట్టి ఉంచేలా నాలుగో ముడిపదార్థాన్ని మారుస్తూ ముప్పై రెండో నంబరుకు వచ్చాను. అధ్యాయం థీసిస్‌లోనే ఉంది, పొరపాటుతో సహా.

నా మూడు నెలలు పోవడానికి కారణం, విషయం తెలియకపోవడం కాదు. కళ్ళ ముందున్నదాన్ని చూడకుండా, ఉండాల్సినదాన్ని చూడడం. మంచి పనివాళ్ళే ఈ తప్పు చేస్తారని మేఘాబెన్ అంటారు. ఆవిడ నన్ను ఓదార్చడానికే అంటారని నాకు తెలుసు. మా ల్యాబ్‌లో ఇప్పుడు ఎవరి పొడి దిగినా, నోట్‌బుక్ తెరవకముందే దాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చూస్తాం. నిన్నటి నా పొడిది ఏ రంగో నాకు మాట దొరకలేదు. తోచినది రాసేయకుండా నోట్‌బుక్‌లో రంగు గడి ఖాళీగా వదిలి, కాకా వచ్చేదాకా ఆగాను.