చల్లారిన డికాక్షన్

కోవిడ్‌కు ముందటి వేసవిలో నన్ను బెంగళూరు ఆఫీసు నుంచి కడపకు పంపారు. నా హోదా నాణ్యతా విశ్లేషకుడు. పని, కాఫీ రుచి చూసి మార్కులు వేయడం. కోవిడ్ వచ్చి తగ్గాక నా ముక్కుకు పాత పదును తిరిగి రాలేదు. అందువల్ల ముప్పై ఐదు నిండకముందే ఆ వృత్తి నుంచి విరమించాను. రిటైరయ్యానంటే బంధువులు నవ్వుతారు. వాసన తెలియని టేస్టరుకు వేరే మాట నాకు దొరకలేదు.

కడపలో పని చిన్నదే. లక్ష్మీదేవమ్మ భర్త పోయాక ఇంటి ముందరి కాఫీపొడి అంగడిని తానే నడుపుతోంది. అక్కడ అమ్మేది చికోరీ అనే వేరు పొడి కలిపిన కాఫీపొడి. కోడలు సుజాత మా కంపెనీ నుంచి ఒక ఖరీదైన పొడి తెప్పించి గల్లా పక్క అరలో పెట్టింది. అది మన్యం కొండల్లో ఒకే తోటలో పండిన గింజలతో చేసింది. మరే తోట గింజా అందులో కలవదు. దీన్నే సింగిల్ ఆరిజిన్ అంటారు. ధర మామూలు పొడికి ఎన్నో రెట్లు.

అత్త ఒక షరతు పెట్టింది. రోజూ వచ్చే గిరాకీలు తాగి, ఖరీదైనది ఏదో గుర్తుపట్టాలి. పట్టకపోతే పొట్లాలు వాపసు. ఇకమీద ఏ సరుకు తెప్పించాలో సుజాత చెప్పకూడదు. ఆ పరీక్ష జరిపించడానికే నేను వెళ్లాను.

మా పరీక్షకు నియమాలున్నాయి. ఒకటి, పొడి, నీళ్లు ప్రతి గిన్నెలోనూ సమానంగా తూచి వేయాలి. రెండు, ఏది ఏదో తాగేవాళ్లకు తెలియకూడదు. మూడు, పాలు, చక్కెర ఉండవు. నాలుగు, వేడిగా ఉన్నప్పుడు, గోరువెచ్చబడ్డాక, పూర్తిగా చల్లారాక, మూడుసార్లు రుచి చూడాలి. బయటివాళ్ల దగ్గర నాలుగోదాన్ని వదిలేస్తాం. అంతసేపు ఎవరూ కూర్చోరు.

వంటింట్లో రెండు గిన్నెల్లో డికాక్షన్ సిద్ధం చేసి, గిన్నెలకూ గ్లాసులకూ అంకెల చీటీలు అంటించాను. నేను అంగట్లోకి వచ్చి నలుగురు గిరాకీలకు పద్ధతి వివరిస్తుండగా లక్ష్మీదేవమ్మ గ్లాసులు నింపి తెచ్చింది.

చీరల వ్యాపారి ఓబులేసు రెండూ తాగి ఒక గ్లాసు పైకెత్తాడు. "ఇదే ఖరీదుది. చిక్కగా ఉండాది." మిగతా ముగ్గురూ తలూపారు. అది చికోరీ పొడి అని చెప్పాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా సుజాత వైపు తిరిగాడు. "అంటే నూలు చీరకు పట్టు ధర చెప్తాండావన్నమాట."

గ్లాసుల్లో మిగిలింది నేను తాగి చూశాను. రెండూ తియ్యగా ఉన్నాయి. చక్కెర పడిందన్నాను.

"కావాలనే చేసినావత్తా" అంది సుజాత.

"ఉప్పేసింటే కావాలని చేసినట్టు. చక్కెరేసింది మర్యాదకు. కూర్చోబెట్టి చేదు చేతికిస్తే రేపు మన గడప తొక్కుతారా? ఈ అబ్బి బెంగళూరు పోతాడు. నేను ఈడనే ఉండాల."

"వేసిందీ తక్కువే" అన్నాడు ఓబులేసు. "నాకింకో చెంచా పడాల్సింది."

నియమం ప్రకారం ఆ పరీక్ష చెల్లదు. కానీ గిరాకీలు లేచిపోయారు. వాళ్లను మళ్లీ పిలవడానికి అత్త ఒప్పుకోలేదు. సుజాత పొట్లాలను పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

లక్ష్మీదేవమ్మ గిన్నెలు కడగడానికి తీసింది. ఏదీ పారబోసే మనిషి కాదు. చక్కెర వేసింది గ్లాసుల్లోనే కాబట్టి గిన్నెల్లో మిగిలిన డికాక్షన్‌లో ఏమీ కలవలేదు. అది పూర్తిగా చల్లారింది కూడా. చికోరీది ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. రెండోది తాగి ఆగిపోయింది.

"అబ్బీ, ఈ గిన్నెలో గూడా చక్కెర పడిందా?"

పడలేదన్నాను. పొడిలోని లోపాలను వేడి కప్పిపెడుతుందని, చల్లారాక అవి బయటపడతాయని, మంచి గింజలోని తీపి కూడా అప్పుడే బాగా తెలుస్తుందని వివరించాను. నేను చెప్పేది ఆమె సగమే విన్నట్టుంది. ఇంకో గుక్క తాగి గిన్నె కోడలికి అందించింది.

"చల్లారినాక గూడా మర్యాదగానే ఉండాది. ఆ పొట్లాలు యాడివి ఆడనే పెట్టేయ్. అమ్మేది మాత్రం నేను."

ఎలా అమ్ముతుందో మర్నాడు చూశాను. ఓబులేసు వచ్చి, తన అల్లుడొస్తున్నాడని ఆ ఖరీదైన పొడే అడిగాడు.

"పాలు పోస్తావా?" అంది లక్ష్మీదేవమ్మ.

"పొయ్యకుండా తాగేదానికి నాకేం రోగమా?"

"అయితే ఇది నీకు దండగ. పాతదే తీసుకుపో."

"డబ్బులిస్తానంటే వద్దనే అంగడి ఇదొక్కటే చూస్తాండా" అని గొణుగుతూనే ఆయన పాత పొడి తీసుకెళ్లాడు. సుజాత కొత్త పొట్లాల దుమ్ము తుడుస్తూ నవ్వు దాచుకుంది. తర్వాత ఏమేం తెప్పించాలో అత్త ఆమెనే అడగడం నేను బయల్దేరే ముందు విన్నాను.

ఆ కాఫీ దాని ధరకు తగినదేనా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. పాలూ చక్కెరా కలుపుకునేవాళ్లకు తగదు. మామూలు పొడే వాళ్లకు మేలు. ఏమీ కలపకుండా, చల్లారేదాకా కూర్చోగలిగినవాళ్లకు తగుతుంది. కడప తర్వాత నేను జరిపిన ఏ పరీక్షలోనూ నాలుగో నియమాన్ని వదల్లేదు. చక్కెర డబ్బాను మాత్రం ముందే నా బల్ల మీదికి తెప్పించుకునేవాణ్ని.