పద్నాలుగో జాయింటు

గురప్ప చేతులు చూసినవాళ్ళు ఈయన ఏ చాకిరేవులోనో పనిచేస్తాడనుకుంటారు. వేళ్ళు ఎప్పుడూ సబ్బునీళ్ళకు నాని, తెల్లగా ముడతలు పడి ఉంటాయి. నిజానికి అవి ఇరవై ఏళ్ళు బావులు తవ్విన చేతులు. బోర్లు వచ్చి బావిపనిని మింగేశాక తోటివాళ్ళంతా బెంగుళూరు మేస్త్రీల వెంట పోయారు. గురప్ప మాత్రం గుంతల్ని వదల్లేదు. భూమి లోపల పైపులు తోసే కంపెనీలో చేరి, రబ్బరు రింగులు తొడిగే మనిషయ్యాడు.

రోడ్డు తవ్వకుండా రోడ్డు కిందనే పైపు వేసే పని అది. రోడ్డుకు ఈ పక్క ఒక లోతైన గుంత, ఆ పక్క ఒకటి. ఈ గుంతలో దించిన మిషను మన్ను తొలుచుకుంటూ పోతుంటే, వెనక నుంచి జాకీలు సిమెంటు పైపును తోస్తాయి. అది లోపలికి పోయాక దాని వెనక ఇంకొకటి. పేపరు వాళ్ళు వస్తే మిషను ముందర నిలబడి ఫోటోలు తీసుకుంటారు. పని నిలిచేదీ చెడేదీ మాత్రం పైపుకూ పైపుకూ మధ్య ఉండే జాయింటు దగ్గర. దాన్ని ఎవరూ ఫోటో తీయరు.

పైపు చివర ఉన్న గాడిలో రబ్బరు రింగు కూర్చోవాలి. ముందు ఆ గాడిని మంచినీళ్ళతో శుభ్రంగా కడగాలి, ఒక్క ఇసుక రేణువు మిగలకూడదు. రింగుకు సబ్బే పూయాలి. నూనె పూస్తే రబ్బరు ఉబ్బి చెడుతుంది. రింగు కింద నున్నటి కడ్డీ దూర్చి చుట్టూ తిప్పితే బిగువు అంతటా సమానమవుతుంది. రెండు పైపులూ కలిశాక పలచటి ఉక్కు పట్టీని సందులో పెట్టి చుట్టూ చూడాలి. అది అంతటా ఒకే లోతుకు దిగితే రింగు తన చోటులో ఉన్నట్టు. ఎక్కడైనా తేడాగా దిగిందా, రింగు జరిగినట్టే. అప్పుడు పైపును వెనక్కి లాగి, మళ్ళీ కడిగి, మళ్ళీ తొడగాలి. జాకీ తోసేశాక ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా వెనక్కి లాగలేడు.

గురప్ప ఈ పనిలో ఎంత చాదస్తుడంటే, కుర్ర ఇంజనీర్లు అతన్ని చాటుగా పూజారి అనేవాళ్ళు. పది జిల్లాల్లో రింగులు తొడిగాడు. అతను "సరే" అన్న జాయింటు ఒక్కటి కూడా కారలేదు. ఆ "సరే" విని ఇంజనీరు షీటు మీద టిక్కు పెట్టేవాడు.

అలాంటి మనిషికి సొంత ఊళ్ళోనే పని పడింది. బెళుగుప్ప మండలంలో ఎర్రదిన్నె అతని ఊరు. కాలువ నీళ్ళు ఊరి చెరువుకు రావాలంటే మధ్యలో పెద్ద రోడ్డు అడ్డం. ఆ రోడ్డు కింద ఇరవై నాలుగు పైపులు తోయాలి. ఆ యేడు ముంగారు వానలు రాలేదు, వాటి వెనక వచ్చే హింగారు వానలూ రాలేదు. సంక్రాంతి దాటేసరికే బోర్లు గాలి కక్కాయి. అలాంటి కరువులో రోజూ రెండు డ్రమ్ముల మంచినీళ్ళు ట్యాంకరులో తెప్పించి సిమెంటు మీద పోసి కడుగుతుంటే, గురప్పకు పాపం చేస్తున్నట్టే ఉండేది. కడగకపోతే ఇంకా పెద్ద పాపమని తెలుసు కాబట్టి కడిగేవాడు.

పదిహేనో పైపును పద్నాలుగోదానికి కలపాల్సిన రోజు, ఇంజనీరు శశికుమార్ పనిమీద అనంతపురం వెళ్ళాడు. పొద్దున పదిగంటలకు గురప్ప భార్య బయమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. వెనక లక్ష్మక్క, మారెక్క, ఇంకా ఏడెనిమిదిమంది ఉన్నారు.

"ఈడికెందుకొచ్చినావు?" అన్నాడు గురప్ప.

"ట్యాంకరు రాక నాలుగు దినాలాయ. లక్ష్మక్క మనవరాలికి రాత్రి నుంచి వాంతులు, బేదులు. గొంతు తడపనీకె చుక్క ల్యాదు. ఆ డ్రమ్ముల్లో ఉండేవి నీళ్ళే గదా?"

"అవి పని నీళ్ళు. పైపు కడగల్ల."

"పైపుకేమన్నా దూపయితాదా?" అంది బయమ్మ.

గురప్ప బయమ్మ బిందె తీసుకుని తనే ముంచి ఇచ్చాడు. భార్యకు ఇచ్చాక లక్ష్మక్కకు లేదనడానికి నోరు రాలేదు. లక్ష్మక్కకు ఇచ్చాక మారెక్కకు లేదంటే ఏం మర్యాద? అరగంటలో రెండు డ్రమ్ములూ అడుగంటాయి. "నీ కడుపు సల్లగుండ గురప్పా" అని లక్ష్మక్క దీవించి పోయింది. చాన్నాళ్ళ తర్వాత గురప్పకు మనసు నిండుగా అనిపించింది. ఆ మాట దాచడం ఎందుకు?

గుంతలోకి దిగాక ఆ నిండుదనం పోయింది. క్రేను పైపును దించేసింది. పైన జాకీలు నడిపే తిప్పేష్ ఎదురుచూస్తున్నాడు. గురప్ప తుండుగుడ్డతో గాడిని తుడిచాడు, మళ్ళీ తుడిచాడు, నోటితో ఊదాడు. డ్రమ్ము అడుగున మిగిలిన మడ్డినీళ్ళలోనే సబ్బు కలిపి రింగుకు పూశాడు. పైపులు కలిశాక ఉక్కు పట్టీ పెట్టి చూస్తే, కింద కుడిపక్క ఒకచోట గోరంత ఎక్కువ దిగింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే.

వెనక్కి లాగితే కడగాలి. కడగడానికి నీళ్ళు లేవు. నీళ్ళేమయ్యాయంటే ఏం చెప్పాలి?

"ఏమన్నా, సరేనా?" అని తిప్పేష్ పైనుంచి అరిచాడు.

"సరే, తొయ్యి" అన్నాడు గురప్ప. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానమొచ్చింది. మరునాడు శశికుమార్ వచ్చి అడిగినప్పుడూ అదే మాట చెప్పాడు, టిక్కు పడింది.

తడి ఉన్న నేలయితే పని జరుగుతుండగానే బయటి నీళ్ళు లోపలికి ఊరి, తప్పు బయటపడేది. ఈ ఎండు నేలలో ఊరడానికి ఏముంది? పైపు సులువుగా జారడానికి చుట్టూ పంపే బంకమట్టి నీళ్ళు మాత్రం ఆ చోట రూపాయి బిళ్ళంత చెమ్మగా కనిపించాయి. గురప్ప పాకుతూ పోయి దాన్ని తుండుగుడ్డతో తుడిచేశాడు. జాయింటు కడగకపోవడం ఒక తప్పయితే, ఆ చెమ్మ తుడవడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ సంగతి అతనికి తెలుసు. అప్పటి నుంచి అన్నం సహించలేదు. రోడ్డు మీద లోడు లారీ పోయినప్పుడల్లా చేస్తున్న పని ఆపి పైకి చూసేవాడు.

నెలన్నర గడిచింది. ఇరవై నాలుగు పైపులూ ఆ పక్క గుంతకు చేరాయి. ఇక మిగిలింది పరీక్ష. పైపు రెండు మూతులూ మూసి, నిండా నీళ్ళు నింపి, మట్టం దిగుతుందేమో చూడాలి. అందుకు పదిహేను ట్యాంకర్ల నీళ్ళు కావాలి. ఆ పరీక్ష కోసమే గురప్ప ఎదురుచూశాడు. కారితే పరీక్షే చెప్తుంది, తను నోరు విప్పక్కరలేదు. ఆ ఆశతోనే అన్ని రోజులూ నోరు మూసుకున్నాడు.

ట్యాంకర్లు వరసగా వచ్చి ఆగాయి. వాటి వెంటే ఊరు కూడా వచ్చింది, బిందెలతో. ముందర సర్పంచి నాగేశ్వర ఉన్నాడు.

"సార్, ఇన్ని నీళ్ళు పైపులో పోసి ఏం చూస్తారు? ఊర్లో పోయించండి, పుణ్యముంటాది. పైపు కట్టింది మా గురప్పే గదా, ఇంగేం చూసేది?"

శశికుమార్ మంచివాడే. ఊళ్ళో నీళ్ళ బాధ రోజూ చూస్తున్నాడు. పైగా కాలువ ఇంకో ఇరవై రోజులే పారుతుంది, ఒక్కరోజు కలిసొచ్చినా మేలే. షీటు తిరగేసి చూసి నవ్వాడు.

"గురప్ప సరే అన్న జాయింటుకు టెస్ట్ ఎందుకులే. ట్యాంకర్లు ఊళ్ళోకి తీసుకుపొండి. రేపే కాలువకు కలిపేద్దాం."

ఆడవాళ్ళు సంతోషంతో ఒక్కసారిగా కేకలు వేశారు. మొదటి ట్యాంకరు డ్రైవరు బండి తిప్పాడు. గురప్ప మాట మీద నమ్మకంతోనే అందరూ పరీక్ష మానేస్తున్నారు. ఎవరి ముఖం చూసినా కళకళలాడుతోంది. ఒక్క నిమిషం గమ్మున ఉంటే చాలు, ఊరికి ఇవాళ తాగునీళ్ళు, వారంలో చెరువులో నీళ్ళు, తనకు మంచిపేరు.

అతను పోయి ట్యాంకరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, పద్నాలుగోది సరిగా ల్యాదు."

శశికుమార్‌కు మొదట అర్థం కాలేదు. గురప్ప అంతా చెప్పాడు. నీళ్ళిచ్చిన సంగతి, పట్టీ ఎక్కువ దిగిన సంగతి, చెమ్మ తుడిచిన సంగతి.

"ఎవరికిచ్చినావు నీళ్ళు?"

"మా ఊరోళ్ళకే సార్. మొదటి బిందె నా పెండ్లానిదే. ఆమెకిచ్చినాక ఎవరికీ లేదనలేకపోతిని."

బయమ్మ తల వంచుకుంది. నాగేశ్వర గురప్ప రెక్క పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు.

"ఏమప్పా, మతి గితి పోయిందా నీకు? ఈ యేడు నీళ్ళు రానీ. ఒగ జాయింటు కారితే ఏమాయ, మన్నే గదా తాగేది?"

"మన్ను తాగదన్నా, నీళ్ళెంబడి కొట్టుకపోతాది. లోపల మెల్లిగా గుల్లయితాది. ఒగ దినం రోడ్డు దిగిపోతాది. అప్పుడు దానిమీద బస్సుండాదో, బండుండాదో చూసుకోని దిగదు గదా."

"అట్లయితాదని నువ్వేమన్నా చూసినావా?"

"చూసేదాకా ఉండమంటావా?"

నాగేశ్వర అతని రెక్క వదిలేశాడు కానీ మనసు మార్చుకోలేదు. శశికుమార్ షీటు వైపే చూస్తున్నాడు. దానిమీద ఉన్న సంతకం తనది. "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"భయపడితిని సార్."

కాసేపటికి శశికుమార్ డ్రైవరుకు చెయ్యి ఊపాడు, పైపులో పోయమని. మారెక్క బిందె నేలకేసి కొట్టి, "నీ నోట్లో మన్ను బడ! ఆ పొద్దు ఇచ్చినట్టే ఇచ్చి ఈ పొద్దు నోటికాడిది గుంజుకుంటావా?" అని దుమ్మెత్తి పోసింది. లక్ష్మక్క గురప్పను దీవించిన నోటితో తిట్టలేక కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

పదిహేను ట్యాంకర్లూ పైపు మింగింది. సిమెంటూ బంకమట్టీ కలిసిన ఆ నీళ్ళు ఇక తాగడానికి పనికిరావు. మట్టం దగ్గర సుద్దగీత గీశారు. గంటలో నీళ్ళు గీతకు నాలుగు వేళ్ళు కిందికి దిగాయి. అంత జరిగినా, దిగకుండా ఉంటే బాగుండునని గురప్ప లోలోపల ఏ దేవుడికో మొక్కుతూనే ఉన్నాడు. దిగితే తప్పు తనది. దిగకపోతే ఇంత గొడవా ఉత్తదే. ఏది మొక్కుకోవాలో కూడా తెలియని స్థితి పగవాడికి కూడా రాకూడదు.

జాయింటును లోపలి నుంచి బాగుచేయించడానికి సందులో నింపే మందు ఎక్కడినుంచో రావాలి, పై ఆఫీసు అనుమతి రావాలి. నలభై రోజులు పట్టింది. ఆ పని గురప్పే చేశాడు, పైపులో మోకాళ్ళ మీద కూర్చుని, అంగుళం అంగుళం కడిగి. రెండో పరీక్షలో నీళ్ళు వెంట్రుకవాసి దిగలేదు. ఆ సాయంత్రమే కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది. అప్పటికే కాలువ మూసేసి ఇరవై రోజులయింది. ఆ యేడు ఎర్రదిన్నె చెరువులో పిచ్చుక మునిగేటన్ని నీళ్ళు కూడా రాలేదు.

చెరువుకు నీళ్ళు రాకపోవడం ఊరంతా కళ్ళారా చూసింది. రోడ్డు కుంగకపోవడాన్ని ఎవరు చూస్తారు? అది రోజూ జరుగుతూనే ఉంది, దాని మీదనే అందరూ సంతకు పోయి వస్తున్నారు. నాకైతే ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఒకనాటి పొద్దున బయమ్మ ఊళ్ళోకి వచ్చిన ట్యాంకరు దగ్గరనుంచి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఆమె వంతు వచ్చేసరికి మారెక్క తన బిందె ముందుకు జరిపి, "మీ ఆయప్పను అడుగుపో, నీళ్ళన్నీ పైపులో పోయించినాడు గదా" అందట. వరసలో ఉన్న ఎవరూ కాదనలేదట.

"నువ్వు చేసిన తప్పు నువ్వు ఒప్పుకుంటివి, సరే. పదిమందిలో నా పేరెందుకెత్తితివి?" అంది బయమ్మ.

"నిజం చెప్పేటప్పుడు సగమెట్లా ఇడిసిపెట్టేది?"

"నీ నిజానికి నా బిందె ఎండె" అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ అరవలేదు. అరిచినా గురప్పకు ఇంత బాధయ్యేది కాదు.

అతను లేచి రెండు బిందెలు తీసుకుని, ఒకటి భుజాన, ఒకటి చేత పట్టుకుని, ఇంకా ఎండిపోని పక్క ఊరి బోరుకు బయలుదేరాడు. పోవడం మూడు మైళ్ళు, రావడం మూడు మైళ్ళు. దారి టీ అంగడి ముందునుంచే పోతుంది. ఆ ఊళ్ళో మగవాడు బిందె ఎత్తితే ఊరుకునేవాళ్ళు కాదు. కోక కట్టుకోమంటారు, గాజులు కొనిస్తామంటారు, ముసలివాళ్ళు కూడా మనవాడే అన్న చనువుతో ఓ మాట విసురుతారు.

అంగడి ముందు పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. అందరూ చూశారు. గురప్ప కావాలనే అడుగులు మెల్లగా వేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకడు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు, ఇంకొకడు పేపరు తిప్పాడు. గురప్ప వాళ్ళను దాటి చాలా దూరం పోయేదాకా, ఒక్కడైనా వెనకనుంచి ఎగతాళి చేస్తాడేమోనని చెవులప్పగించి నడుస్తూనే ఉన్నాడు.