ఒకే సాయంత్రం ఇద్దరు రాజుల పెళ్ళిళ్ళు

రాజ్యం వదలమంటే చిరునవ్వుతో వదిలేసిన మా రామయ్యకు ముందుగా వెయ్యి దండాలు. ఏ కాలంలోనైనా నమ్మదగిన రాజు ఆయన ఒక్కడే.

తొంభైల్లో, బెంగళూరులో మా భజన మండలి ఏటా సీతారామ కళ్యాణం చేసేది. పీణ్య ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ కోసం ముహూర్తం సాయంత్రం పెట్టేవాళ్ళం. సీతమ్మ తల్లిదండ్రులుగా ఏ దంపతులు పీటల మీద కూర్చోవాలో చీటీలు తీసి తేల్చేవాళ్ళం. మాకు ఆడపిల్లలు లేరు. ఒక్కసారైనా కన్యాదానం చేయాలని మా ఆవిడ తొమ్మిదేళ్ళు చీటీ వేసింది. పదో ఏడు మా పేరు వచ్చింది.

సరిగ్గా ఆ సాయంత్రమే టీవీలో, సముద్రాల అవతల ఎవరో రాకుమారుడి పెళ్ళి. పందిట్లో పురోహితుడు, మా ఆవిడ, నలుగురు మగవాళ్ళు మిగిలాం. ఆడవాళ్ళంతా ఎదురింటి టీవీ ముందు. పిలుచుకు రమ్మని మా ఆవిడ నన్ను పంపింది.

"రండమ్మా, ముహూర్తం దగ్గర పడింది" అన్నాను గుమ్మంలో నిలబడి.

"ఉండప్పా, ఆ పిల్ల ఇంకా బండి దిగలా."

"సీతమ్మ కూడా రాజు బిడ్డే కదమ్మా!"

"ఆయమ్మ పెళ్ళి ఏటా ఉండేదే. ఈ పిల్లకు మళ్ళీ అవుతుందా?" అంది మండలిలో అందరికన్నా పెద్దదైన అవ్వ. శ్లోకాలన్నీ కంఠతా వచ్చిన మనిషి.

"అవుతాదిలే అవ్వా, వాళ్ళలో రెండోది కూడా చేసుకుంటారు" అంది పక్కనామె. అందరూ నవ్వారు.

వీళ్ళకు నాలుగు మంచి మాటలు చెబుదామని చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. పెళ్ళికూతురి గౌను తోక మోయడానికే ఆరుగురు పిల్లలు. ఆ తోక గుమ్మం దాటేదాకా చూద్దామనుకున్నాను. "అత్తగారి మొహంలో నవ్వే లేదే" అని నేనే అన్నానట. మాయలేడి మీద గంటసేపు ఉపన్యాసం చెప్పేవాణ్ణి!

ఉంగరాలు తొడిగాక గుర్తొచ్చి పరిగెత్తాను. అప్పటికే మేళం ఆగిపోయింది. ముహూర్తం తప్పకూడదని పురోహితుడు నాకు బదులు నా పీట మీద దర్భలు ముడివేసి ఉంచి, కన్యాదానం జరిపించేశాడు. ధార నీళ్ళు మా ఆవిడ ఒక్కతే పోసింది. ఆ గడ్డి అయినా కదలకుండా కూర్చుంది. ఆ మాత్రం నా వల్ల కాలేదు.

ఆమె కళ్ళు తుడుచుకుని, "పెళ్ళికూతురు బాగుండాదా?" అని మాత్రం అడిగింది.

ఆ చీటీ మాకు మళ్ళీ రాలేదు. ఇది చదివినవాళ్ళు నాతో పాటు ఒక్కసారి చేతులు జోడించండి: రామా, ఆమె ఒంటిచేత్తో చేసిన దానాన్ని నిండు దానంగానే అందుకో. ఆమెను సీతమ్మ కన్నతల్లిగానే చూడు. నా సంగతి తర్వాత చూద్దువుగాని.