నా చేతులతో నా మాట

నేను చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి తడబడతాను. విడవలూరు వైపు ఒక హైస్కూల్లో, వినపడని ఆడపిల్ల ఎదురుగా కూర్చుని, టీచర్లు నోటితో చెప్పింది నా చేతులతో ఆమెకు చూపించేదాన్ని. ఆమె చేతులతో చెప్పింది నా నోటితో అందరికీ వినిపించేదాన్ని. నడుమ నాదంటూ ఒక్క మాట కలపకూడదు. శిక్షణలో మొట్టమొదట నేర్పేది అదే. నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆ కట్టుబాటు హాయిగా ఉండేది. ఎంతసేపు మాట్లాడినా, మాట్లాడేది నేను కాదు.

ఆ పిల్లది సముద్రపు ఒడ్డు పల్లె. తండ్రి వేటకు పోతాడు, తల్లి చేపలమ్ముతుంది. పదో తరగతి పాసయింది. మా బళ్లోనే ఇంటర్ ఉంది కాబట్టి ఇక్కడే చదవొచ్చు. లేదంటే, వినపడని పిల్లల కోసమే ఉన్న కాలేజీలో హాస్టల్‌తో సహా సీటు వచ్చింది. కానీ అది రైల్లో పోయేంత దూరం. ఏదో ఒకటి ఆ వారమే తేల్చాలి. హెడ్మాస్టరు గారు తల్లినీ కూతురినీ పిలిపించారు.

ఇంటర్వెల్లో ఆడపిల్లలు గుంపుగా నవ్వుకుంటుంటే ఆ పిల్ల నా మోచేయి తట్టి, ఎందుకు నవ్వుతున్నారని అడిగేది. నేను విని చెప్పేసరికి నవ్వు అయిపోయేది. బళ్లో నాతో తప్ప తనకు కబుర్లు లేవు. నాకూ అంతే. టిఫిన్ డబ్బా పక్కన నవల తెరిచి పెట్టుకుని, ఆ కథ తనకు సైగల్లో చెప్పడమే నా మధ్యాహ్నం. పైగా ఆ బళ్లో వినపడని పిల్ల తనొక్కతే. తను వెళ్తే నా పోస్టు ఉండదు. నేను కోరుకునేదేమిటో నాకే అర్థం కాక, ఏమీ కోరుకోకూడదనుకుని ఆ గదిలోకి వెళ్లాను.

హెడ్మాస్టరు గారు అడిగారు. పిల్ల చేతులు కదిపింది. మా పద్ధతిలో తను ఎలా చెబితే అలాగే, ‘నేను’ అంటూ తనై చెప్పాలి. చెప్పాను.

“నేను పోను సార్. నాకు ఇక్కడే బాగుంది.”

తల్లి నా వైపు తిరిగింది. “నిన్నెవురు పొమ్మన్నారు మే? నా కూతురేమంటాందో అది చెప్పు.”

“ఇది నా మాట కాదమ్మా, మీ అమ్మాయే...”

“అట్ట చెప్పు మరి!”

పిల్ల ఇంకా చెబుతోంది. నా ముఖం వేడెక్కింది. అయినా ఆపకూడదు. “ఈ అక్క ఉండబట్టే చదివాను. అక్కను వదిలి పోను.”

హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఇంత మాటా పాపే అనిందామ్మా?” అన్నారు మెల్లగా. నా పోస్టు సంగతి ఆయనకు తెలుసు. అవి పిల్ల మాటలేననడానికి నా నోరు తప్ప సాక్ష్యం లేదు.

తల్లి కూతురి గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. సముద్రం వైపు చెయ్యి ఊపింది, రోడ్డు వైపు ఊపింది, ఏది అన్నట్టు తల ఎగరేసింది. కూతురు నన్ను చూపించింది.

“ఏం మందు పెట్టినావు తల్లీ నా బిడ్డకి!” అని తల్లి నవ్వింది. వెంటనే నవ్వు ఆపింది. “సరే, నువ్వు చెప్పు. ఇది నీ చెల్లెలైతే యాడికి పంపిస్తావు?”

అలవాటుగా నా చేతులు ఆ ప్రశ్నను కూడా పిల్లకు చూపించేశాయి. ఇప్పుడు తను నా చేతులనే చూస్తోంది. చెప్పడం నా పని కాదమ్మా అని తప్పుకోవచ్చు. ఇక్కడే ఉండనివ్వమంటే నా ఉద్యోగం కోసమనుకుంటారు. నిజంగా అందుకే అవుతుందేమో, అదీ తెలియలేదు. ఇంటర్వెల్లో అయిపోయే ఆ నవ్వు గుర్తొచ్చింది.

“ఆ కాలేజీకే పంపిస్తానమ్మా” అన్నాను. గదిలో పలికిన ప్రతి మాటా పిల్లకు చేరాలి. చేతులెత్తి అదే చూపించాను.

పిల్ల తన తల్లి పెదాల వంక చూసింది. హెడ్మాస్టరు గారి పెదాల వంక చూసింది. అవి కదలడం లేదు. ఎవరన్నారు అని నన్ను అడిగింది.

వేలు నా గుండెకు ఆనించాను.

తను కళ్లు మూసుకుంది. తను కళ్లు మూసుకుంటే ఇక ఎవరి మాటా తనను చేరదు. నా చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

తల్లి పంపించింది, పిల్ల వెళ్లింది. ఇష్టపడి వెళ్లిందో, నేనన్నానన్న కోపంతో వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. నేను తోటపల్లి గూడూరు వైపు ఇంకో బడికి మారాను. వానాకాలంలో ఒక ఆదివారం తనే వీడియో కాల్ చేసింది. కోపం పోయిందా అని అడుగుదామనుకున్నాను. వెనక మంచాల మీద ఆడపిల్లలు ఏదో చెప్పుకుంటున్నారు. ఆ చేతుల వేగంలో నాకు సగం అందలేదు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఎందుకని సైగ చేశాను.

ఉండక్కా చెబుతాను అని చూపించి, నవ్వుతూ వాళ్ల వైపు తిరిగిపోయింది. ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాను.