చూడని ఐదో ఎపిసోడ్

అడగని వాళ్ళకి కూడా సినిమాల మీద అభిప్రాయం చెప్పే రోగం నాకుంది. రాజమండ్రి బజారులో మాది బట్టల కొట్టు. శుక్రవారం పొద్దుటి ఆట చూసి, హాల్లోంచి బయటికి వస్తూనే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వర్తకుల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవాణ్ణి. రెండు నిమిషాలు, అంతే. అది విన్నాకే ఆదివారం పిల్లాజెల్లాతో సినిమాకి వెళ్ళాలా, రేవులో కాసేపు కూర్చుని రావాలా అని తేల్చుకునేవాళ్ళు చాలామంది. ఆ పెద్దరికం నా నెత్తికెక్కింది. ఎక్కిన ఆ మత్తులో, చూడని దాని మీద తీర్పు చెప్పి, మా పక్క కొట్టు బావగారికి ఈ వయసులో వచ్చిన ఒకే ఒక్క పెద్ద అవకాశాన్ని నా నోటితో నేనే పోగొట్టాను. అది రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

ముందు నా రుచులు చెప్పాలి. హీరో కారు దిగి పది అడుగులు నడవడానికి నాలుగు నిమిషాలు పట్టే సినిమాలంటే నాకు ఒళ్ళు మంట. చెవులు చిల్లులు పడేలా ఆ డప్పులేంటో, వెనకాల ఆ దుమ్మేంటో! కథ సగంలో ఆపేసి మిగతాది రెండో భాగంలో చూసుకోండని పంపించేయడం ఇంకో దౌర్భాగ్యం. భోజనానికి పిలిచి, పప్పన్నం పెట్టి, పులుసు వచ్చే ఏడాది పోస్తామన్నట్టుంటుంది. ఇక మా జిల్లాల మీద తీసే సినిమాలు సరేసరి. నాలుగు కొబ్బరిచెట్లు, ఒక పడవ, మాట్లాడిన ప్రతి వాడి నోటా ‘ఆయ్’. మనం రోజుకి అన్నిసార్లు అంటామా అని బావగారి ముందు ఒకసారి విసుక్కుంటే, “ఆయ్, అనమండి” అని నవ్వేశారు.

ఈమధ్య నాకు నచ్చినవన్నీ చిన్న సినిమాలే. ఒక ఇల్లు, ఒక గొడవ, నలుగురు కొత్తవాళ్ళు. అవి వచ్చిన వారానికే హాళ్ళలోంచి ఎగిరిపోతుంటే ప్రేక్షకులని తిట్టేవాణ్ణి, మీకు ఓపిక లేదయ్యా అని. మా ఆవిడ చూసే సీరియల్లో ఒక్క చెంపదెబ్బని మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపిస్తే పగలబడి నవ్వేవాణ్ణి. కానీ ఆవిడ ఆ చెంపదెబ్బని మూడుసార్లూ చూసేది. నేను చేసిన పని అంతకంటే హీనం.

ఓటీటీలు వచ్చాక సిరీస్‌ల మీద కూడా తీర్పులు మొదలుపెట్టాను. రెండు గంటల్లో చెప్పాల్సిన కథని ఎనిమిది ముక్కలు చేసి సాగదీస్తారని నా ఫిర్యాదు. అందుకని మధ్యాహ్నం బేరాలు పలచబడ్డ వేళ ఫోన్‌ని చీరల దొంతరకి ఆనించి, ఒకటిన్నర రెట్ల వేగంతో చూసేవాణ్ణి. ఎవరూ తుపాకీ తీయకపోయినా, ఎవరూ అరవకపోయినా వేలితో రెండుసార్లు తట్టడమే. పది సెకన్లు ముందుకి, ఇంకో పది ముందుకి. అలా రెండు మధ్యాహ్నాల్లో ఎనిమిది ఎపిసోడ్లూ ‘పూర్తి’ చేసి, మొత్తం చూశానని గ్రూపులో చెప్పేవాణ్ణి. ఓపిక లేదని అందరినీ తిట్టిన పెద్దమనిషిని నేనే.

ఇక బావగారి సంగతి. ఆయనది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. మాకు చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకున్నామంతే. పాతికేళ్ళుగా పొద్దున్నే ఒకరి కొట్టు ముందు ఒకరం నిలబడి మాట్లాడుకున్న స్నేహం. వయసులో ఉండగా ఆయన పద్య నాటకాలు వేసేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్ పడేదట. పెళ్ళికి ముందు మామగారు ఒక్కటే షరతు పెట్టారు, మొహానికి రంగు వేయకూడదని. ఆ మాటకి కట్టుబడి మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. నేను సినిమా గురించి మాట్లాడుతుంటే మాత్రం బేరం మధ్యలో కూడా చెవి ఇటు పడేసేవారు. “మీరు చెప్పారంటే ఇక తిరుగులేదండి” అనేవారు. అది వినడం నాకు మహా ఇష్టం.

మూడేళ్ళ కిందట ఒక పోలీసు సిరీస్ షూటింగ్ మా ఊళ్ళో జరిగింది. ఇంట్లో కనిపించడానికి పాత ఇత్తడి సామాను కావాలని ఆ యూనిట్ వాళ్ళు బావగారి కొట్టుకి వచ్చారు. దర్శకుడు కుర్రవాడు. ఈయన బిందె చూపిస్తూ మాట్లాడుతుంటే కాసేపు అలాగే చూసి, ఒక తండ్రి వేషం ఉంది, వేస్తారా అని అడిగాడట. మామగారు పోయి అప్పటికి చాలా కాలమైంది. బావగారు రెండు రోజులు కొట్టు మూసి వెళ్ళి చేసి వచ్చారు. ఇంట్లోనూ, నాకూ పిఠాపురం దర్శనానికి వెళ్ళానని చెప్పారు. నాకు ప్రసాదం కూడా ఇచ్చారు. ఈ సంగతులన్నీ నాకు చాలా తర్వాత తెలిశాయి.

సిరీస్ వచ్చింది. నేను నా పద్ధతిలో ‘చూసి’ గ్రూపులో చెప్పాను: మొదటి మూడు ఎపిసోడ్లు చూడండి, తర్వాత ఏకంగా ఏడోదానికి వెళ్ళిపోండి, మధ్యలో ఏమీ లేదు. రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం బావగారు మా కొట్టులోకి వచ్చి కూర్చున్నారు.

“బావగారూ, ఆ పోలీసు సిరీస్ మొత్తం చూశారాండీ?”

“ఆహా, ఎప్పుడో! ఎనిమిదీ చూసేశాను.”

“మరి ఐదోది ఎలా ఉందండీ?”

ఐదోది నాకు గుర్తుంటే కదా! ఆసుపత్రి వరండా, బల్ల మీద మాసిన గడ్డంతో ఎవరో పెద్దాయన, అంతే. వేలితో తట్టేశాను. గుర్తులేదండి అంటే నా సొమ్మేం పోయేది? కానీ గుర్తులేదనడం నా వంశంలో లేదు.

“ఐదోదా! అది తీసేసినా నష్టం లేదండి. ఎవరో ముసలాయన్ని కూర్చోబెట్టి నిడివి పెంచారు. కత్తెర వేసెయ్యొచ్చు.”

“అంతేనంటారా?”

“అంతేనండీ. నా మాట మీద నమ్మకం లేదా ఏంటి?”

“అయ్యో, ఎంత మాట! సాయంత్రంలోగా ఒకళ్ళకి మాట చెప్పాలండి, అందుకని అడిగాను” అని లేచారు. ఎవరికి, ఏం మాట అని అడగాలని నాకు తట్టలేదు. పెళ్ళి బేరం వచ్చింది, అటు తిరిగిపోయాను.

ఏడాది దాటింది. బావగారు పొద్దున్న పలకరించేవారు గానీ సినిమాల గురించి అడగడం మానేశారు. వయసు మీద పడి ఆసక్తి తగ్గింది కాబోలు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొన్న వేసవిలో కాకినాడ నుంచి ఒక టీచరుగారు చీరలకి వచ్చారు. వెళ్తూ వెళ్తూ, “మీ పక్క కొట్టాయన ఎంత బాగా చేశారండీ! మా ఇంట్లో అందరం ఏడ్చాం” అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయనెందుకు చేస్తారండి, ఎవర్ని చూసి ఎవరనుకున్నారో అని నవ్వాను. ఆవిడ ఫోన్ తీసి చూపించారు. ఆసుపత్రి వరండా. బల్ల మీద మాసిన గడ్డంతో పెద్దాయన. ఈసారి ఫోన్ నా చేతిలో లేదు, తట్టడానికి వీల్లేదు. ఆ కళ్ళు బావగారివి.

ఆవిడ వెళ్ళాక కొట్టు వెనక గదిలో కూర్చుని ఆ సన్నివేశం మామూలు వేగంతో చూశాను. కొడుకు శవాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తండ్రి. సంతకం పెట్టమని కానిస్టేబుల్ కాగితం ఇస్తాడు. తండ్రి కళ్ళజోడు కోసం జేబు తడుముకుంటాడు. ఈ జేబు, ఆ జేబు, మళ్ళీ ఈ జేబు. కళ్ళజోడు చేతిలోనే ఉంటుంది. మూడు నిమిషాలు ఒక్క మాట లేదు, సంగీతం లేదు. పద్యాలతో స్టేజీలు దద్దరిల్లించిన మనిషి నోరు విప్పకుండా చేశాడు. నేను ఇన్నేళ్ళుగా సినిమాల్లో లేదు లేదని మొత్తుకున్నది సరిగ్గా అదే. దాన్ని నేను పది సెకన్ల చొప్పున దాటేశాను. నా మాట నమ్మి మా బజారంతా దాటేసింది. అందుకే ఆయన్ని ఇక్కడ ఒక్కరూ గుర్తుపట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వారం రోజులు ఆయన మొహం చూడలేకపోయాను. ఎనిమిదో రోజు వెళ్ళాను. ఇత్తడి బిందె తుడుస్తున్నారు.

“బావగారూ, ఆ ఐదో ఎపిసోడ్ నేను అప్పుడు చూడలేదండి. చూశానని అబద్ధం చెప్పాను. మొన్ననే చూశాను.”

ఆయన చెయ్యి ఆగింది. “చూడలేదా?”

“లేదండి.”

“అయితే... బాగోలేదని కాదన్నమాట.”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం విప్పారింది. నన్ను తిడతారనుకుని వెళ్ళాను. ఆయన సంతోషపడ్డారు. ఏడాదిన్నరగా తన వేషం పాడుగా ఉందని మోస్తున్న మనిషి ఆయన. ఎంత బాగుందో చెప్పాను, కళ్ళజోడు సంగతి చెప్పాను, ఏడ్చానని చెప్పాను. తల ఊపుతూ విన్నారు.

“ఆ రోజు ఎవరికో మాట చెప్పాలన్నారు?” అని అడిగాను.

“ఆ దర్శకుడే సినిమా మొదలుపెట్టారండి. అందులోనూ తండ్రి వేషమే, మొదట్నుంచి చివరిదాకా ఉంటుందన్నారు. మీరు అలా అన్నాక, పాపం కుర్రాడి సినిమా నా మూలంగా ఎందుకు పాడవ్వాలని, కుదరదని చెప్పేశాను.”

“నేను మాట్లాడతానండి ఆయనతో, ఇప్పుడే...”

“షూటింగ్ కూడా అయిపోయిందటండి. వేరే ఆయన చేశారు.”

ఏదో ఒకటి అనాలని, “అక్కయ్యగారు ఏమన్నారండీ, మీ వేషం చూసి?” అన్నాను.

“ఆవిడకి తెలీదు కదండీ. మీరు బాగుందన్నాక చూపిద్దామనుకున్నాను. బాగోలేనిది ఎందుకులే అని ఊరుకున్నాను.”

“ఇవాళే చూపించండి బావగారూ. నేనే వచ్చి చెప్తాను.”

బావగారు బిందె పక్కన పెట్టి, గుడ్డ మడత పెట్టారు. “వద్దులెండి. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని అడుగుతుంది. మీరన్న మాట చెప్పాలి. మీరు మా ఇంటికొచ్చి భోంచేసే మనిషి. మీ మీద ఆవిడకి చెడ్డ అభిప్రాయం ఎందుకండీ” అన్నారు.

ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఆవిడ ఇప్పటికీ ఆ ఎపిసోడ్ చూడలేదు.